సంతకం కింద రాయి

ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసేవారు ఏ మాటలు పలకాలో రాజ్యాంగం మూడో షెడ్యూల్ చెబుతుంది. పలికాక ఏం చేయాలో చెప్పదు. అయినా తెలుగునాట ఆ తర్వాతి ఘట్టం ఏమిటో బడిపిల్లలకు కూడా తెలుసు. ఒక అధికారి ఫైలు పట్టుకుని వస్తాడు. అందులో ఏముందో మైకులో చదువుతారు. కెమెరాలు దగ్గరికి జరుగుతాయి, కలం కదులుతుంది, జనం హోరెత్తుతారు. దాన్నే తొలి సంతకం అంటున్నాం. 1994 డిసెంబరు 12న ఎన్.టి. రామారావు మద్యనిషేధం మీద పెట్టారు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి హైదరాబాద్ ఎల్‌బీ స్టేడియంలో రైతుల ఉచిత విద్యుత్తు మీద పెట్టారు. 2014 జూన్ 8న చంద్రబాబు నాయుడు రుణమాఫీ మీద, 2019 మే 30న జగన్‌మోహన్‌రెడ్డి పింఛన్ల మీద, 2023 డిసెంబరు 7న రేవంత్‌రెడ్డి ఆరు గ్యారంటీల మీద, 2024 జూన్ 13న మళ్లీ చంద్రబాబు మెగా డీఎస్సీ మీద పెట్టారు. పార్టీలు వేరు, ఇప్పుడు రాష్ట్రాలు కూడా వేరు, ఆచారం మాత్రం ఒక్కటే. ఆ ఆచారం జనానికి చెప్పే మాట కూడా ఒక్కటే: ఇక మీరు ఎదురుచూడక్కర్లేదు. ఆ మాట ఊరికే పుట్టలేదు. జనం నిజంగానే చాలాకాలం ఎదురుచూశాక పుట్టింది. అయితే కలం తనంతట తానుగా ఏదీ ఇవ్వలేదు. ఎవరో ఎప్పుడో ఓపిగ్గా పేర్చిన రాయి మీద నిలబడి ఇస్తుంది. ఆ రాయిని మరిచేకొద్దీ సంతకాలు పెరుగుతున్నాయి, తృప్తి తరుగుతోంది.

కలం రాకముందు మన రాజకీయానికి గుర్తు రాయే. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర కృష్ణ ఒడ్డున నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ లేదు. నదికి ఒక ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం, రెండో ఒడ్డు హైదరాబాద్ రాష్ట్రం. అటు బెజవాడ గోపాలరెడ్డి, ఇటు బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రులు. కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న, ఇందిరా గాంధీ. మధ్యలో పన్నెండేళ్లకు నాలుగు నెలలు తక్కువ. ఈలోగా రెండు రాష్ట్రాలూ కలిసి ఒకటయ్యాయి. సంజీవరెడ్డి, సంజీవయ్య, మళ్లీ సంజీవరెడ్డి, ఆపైన కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రులయ్యారు. రాయి వేసిన నెహ్రూ 1964లో కన్నుమూశారు. సిమెంటుకూ యంత్రాలకూ కటకటగా ఉన్న రోజులు కాబట్టి ఆనకట్టను కాంక్రీటుతో కాకుండా రాతితో కట్టారు. వేలమంది కూలీలు నెత్తిన రాయీ గమేళాలో అడుసూ పెట్టుకుని, వాలుగా కట్టిన పరంజాల మీద చీమల బారులా ఎక్కేవారు, దిగేవారు, మళ్లీ ఎక్కేవారు. పునాది నుంచి 400 అడుగులు దాటిన ఆ గోడ అలా తలల మీదుగా లేచింది. శంకుస్థాపన రోజున వేదిక మీద నిలబడిన ముఖ్యమంత్రుల్లో ఒక్కరూ ఆ నీళ్లను పదవిలో ఉండగా వదలలేదు. ఇద్దరికీ ఆ రాయి మీద ఒక్క ఓటు కూడా రాలేదు.

ఆనాటి జనం మనకంటే ఓర్పు గలవాళ్లని చెప్పుకుంటే సరిపోతుందా? సరిపోదు. వాళ్లు ఆగడానికి కారణాలు వేరే ఉన్నాయి. 1957లో, 1962లో, 1967లో గెలిచింది ఒకే పార్టీ. ప్రతిపక్షంలో ఉన్న కమ్యూనిస్టులకు కూడా ప్రాజెక్టు కావాలి. ఎప్పుడు, ఎలా అన్న తగాదాలే తప్ప ఎందుకు అన్న తగాదా లేదు. ప్రభుత్వం మారితే పని ఆగిపోతుందన్న భయం లేనప్పుడు ఆగడం తేలిక. రెండో కారణం అంత మర్యాదైనది కాదు. ఎదురుచూడమని అడిగిన చోట్ల చాలామందిని అసలు అడగనే లేదు. కృష్ణలోయ మునిగేలోపు పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి, నాగార్జునకొండ శిల్పాలను కొండమీదికి చేర్చి, మ్యూజియం కట్టి కాపాడింది. అది గొప్ప పని. అదే లోయలో ఇళ్లూ పొలాలూ వదులుకుని లేచిపోయిన పల్లెల మీద అంత శ్రద్ధ పెట్టలేదు. తొందర జనం చెడ్డగుణమని తీర్పు చెప్పేవారు ముందు ఈ లెక్క చూడాలి. ఈ దేశంలో ఓపిక పట్టమన్న మాట ఎప్పుడూ పై నుంచి కిందికే వచ్చింది.

పైగా వేసిన ప్రతి రాయీ సాగర్ కాలేదు. విశాఖ ఉక్కు కోసం 1966లో ఆంధ్రదేశం అట్టుడికింది. 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న, పి.వి. నరసింహారావు. అంటే శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డ ఓటుహక్కు వయసు దాటేదాకా. పోలవరానికి 1981లో అంజయ్య ప్రభుత్వం రాయి వేసింది. 2004 తర్వాత పనులు మొదలయ్యాయి. 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. ఆ రాయి వేసిన నాటి యువకులు ఇప్పుడు పింఛన్ల వరసలో ఉన్నారు. ఊరి బయట పిచ్చిమొక్కల్లో, పేర్లు చెరిగిపోయి, దేనికి వేశారో ఎవరికీ గుర్తులేని శిలాఫలకాలు ఏ జిల్లాలో చూసినా కనిపిస్తాయి. అలాంటి ఒక్కో ఫలకం దగ్గర ఓటరు ఒక పాఠం నేర్చుకున్నాడు. రాయి మీద పేరు నాయకుడిది, కాలం పోయేది తనది. ఆ పాఠం వంటపట్టాక జనం రాయిని నమ్మడం మానేశారు. చేతికందేదే నమ్ముతామన్నారు. అందులో తప్పు లేదు.

ఆ మార్పు మొదట పళ్లెంలో కనిపించింది. 1967లో తమిళనాట డీఎంకే రూపాయికి మూడు పడుల బియ్యమని చెప్పి గెలిచింది. గెలిచాక రూపాయికి ఒక్క పడే, అదీ కొన్ని నగరాల్లోనే ఇవ్వగలిగింది. 1983 ఎన్నికల ప్రచారంలో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యమన్నారు. ఆయన మాటకు జడిసి అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం ఎన్నికల ముందే రూపాయి తొంభై పైసలకు ఇస్తామంది. పోటీ పాట అక్కడే మొదలైంది. ఎన్టీఆర్ 1983 జనవరి 9న రాజ్‌భవన్‌లో కాకుండా ఎల్‌బీ స్టేడియంలో వేల జనం ఎదుట ప్రమాణం చేశారు. ప్రభుత్వం మారడం పదిమంది అధికారుల మధ్య జరిగే తంతుగా కాక జనం కళ్లారా చూసే పండుగగా మారింది ఆ రోజే. తర్వాత సంతకానికి వేదిక దొరికింది కూడా ఆ రోజే. రెండు రూపాయల బియ్యాన్ని ఓట్లకు వేసిన ఎర అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేను ఒప్పుకోను. కూలి దొరకని నెలలో పొయ్యి వెలగడం సౌఖ్యం కాదు, బతుకు. ఆకలికి పంచవర్ష ప్రణాళిక ఉండదు. ఆ పథకం ఆడవాళ్ల మీది భారాన్ని ఎంత దించిందో కూలినాలి చేసుకునే ఏ వాడలో అడిగినా చెబుతారు.

అయితే ఆ బియ్యం ఎక్కడివి? గోదావరి డెల్టా వరి పొలాలు 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట నీళ్లతో పండుతున్నవి. కృష్ణా డెల్టాకు బెజవాడ ఆనకట్ట 1855లో వచ్చింది. పల్నాడు, నల్లగొండ, ఖమ్మం చేలకు సాగర్ కాలువలున్నాయి. ధాన్యం కొని గోదాముల్లో నిల్వ చేసే భారత ఆహార సంస్థ 1965 నాటిది. రేషన్ దుకాణం, కార్డు, కాటా 1983కు ముందు నుంచీ ఉన్నవి. ఎన్టీఆర్ కలం కదిపి తగ్గించింది ధరను. ఆ ధరకు దొరికే గింజను అంతకుముందు నూట ముప్పై ఏళ్ల మట్టిపని, రాతిపని పండించింది. 2023 డిసెంబరు 9న, ప్రభుత్వం ఏర్పడిన రెండో రోజుకే, తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేని ప్రయాణం మొదలైంది. అంత త్వరగా అమలైన హామీ మరొకటి చూపడం కష్టం. ఎందుకు సాధ్యమైంది? 1932లో నిజాం సర్కారు 27 బస్సులతో మొదలుపెట్టిన రవాణా శాఖ, డిపోలుగా, గ్యారేజీలుగా, కండక్టర్లు డ్రైవర్లుగా తొంభై ఏళ్లు ఎదిగి అక్కడే సిద్ధంగా ఉంది కనుక. 2004 నాటి ఉచిత విద్యుత్తు కూడా శ్రీశైలం, సాగర్, విజయవాడ, కొత్తగూడెం కేంద్రాల నుంచి తీగలు గుంజిన వాళ్ల కష్టం మీదే పారింది. ఎక్కడ సంతకం వెంటనే పండిందో అక్కడ దాని కింద పాత రాయి ఉంది. రాయి లేనిచోట సంతకం కాగితంగానే మిగిలింది.

ఇక్కడ ఎదురుప్రశ్న ఒకటి న్యాయంగా వస్తుంది. దూరదృష్టి గల పాలకుణ్ని ఇదే జనం ఓడించలేదా? 1999 జనవరిలో చంద్రబాబు ప్రభుత్వం విజన్ 2020 ప్రకటించింది. ఇరవై ఏళ్ల ముందుచూపు. అదే కాలంలో విద్యుత్ సంస్కరణలు, చార్జీల పెంపు వచ్చాయి. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఉద్యమకారుల మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆపైన వరసగా కరువు. బోర్లు ఎండాయి, అప్పులు పండాయి, రైతుల ఆత్మహత్యలు రోజూ పత్రికల్లో వచ్చేవి. 2004లో ఆ ప్రభుత్వం 47 సీట్లకు పడిపోయింది. దీన్ని చూపి జనానికి రేపటి మీద ఆసక్తి లేదనడం పొరపాటు. 1955 రాయి అడిగిన ఓపికకూ 1999 పుస్తకం అడిగిన ఓపికకూ పెద్ద తేడా ఉంది. సాగర్ పనుల్లో కూలి దొరికింది. గోడ లేవడం కళ్లకు కనిపించింది. ఏ ఊరికి కాలువ వస్తుందో రైతుకు తెలుసు. విజన్‌లో ఎండిన బోరు పక్కన నిలబడిన రైతు తన చోటు వెతుక్కుంటే దొరకలేదు. ఎదురుచూపు మోయాలంటే ఈ రోటికి ఈ పూట గింజ ఉండాలి. ఆ మేరకు 2004 మే 14 నాటి సంతకం జనం తొందరకు లొంగిపోవడం కాదు, ఆలస్యమైన న్యాయమే. ఆ తర్వాతే దాని మీద నా అభ్యంతరం మొదలవుతుంది. భూగర్భజలం ఎంత ఉంది, ఎంత తోడవచ్చు అన్న నిదానమైన ప్రశ్నలు ఆ సంతకం నీడలో పడిపోయాయి. ఈ రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ వాటిని ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.

సంతకం ఎంత ఇస్తుందో, ఎంత తీసుకుపోతుందో అన్నిటికంటే బాగా తెలిసేది మద్యనిషేధం కథలో. నెల్లూరు జిల్లా దూబగుంటలో సాయంత్రం పూట అక్షరాలు దిద్దుకోవడానికి చేరిన ఆడవాళ్లు 1990ల మొదట్లో సారాకొట్టు మూయించారు. ఆ కథ వయోజన విద్య వాచకంలో పాఠమై పక్క ఊళ్లకు పాకింది. 1992 నాటికి అది ఉద్యమం. ఆ ఉద్యమం ఎలా నడిచిందో దగ్గర నుంచి చూడాలి. సారా వేలంపాట జరగాల్సిన రోజున ఆడవాళ్లు కలెక్టరు కార్యాలయానికి పోయేవారు. పాట వాయిదా పడేది. మళ్లీ తేదీ వేస్తే మళ్లీ పోయేవారు. కూలి డబ్బు పోగొట్టుకుని, పసిపిల్లలను చంకనేసుకుని, బస్సుచార్జీలు తలా ఇంత వేసుకుని. ఊళ్లో రాత్రిపూట వంతులవారీగా కాపలా కాసేవారు. సారా ప్యాకెట్లు తెచ్చే జీపును ఆపేవారు. తాగొచ్చిన మొగుణ్ని నిలదీసింది కూడా ఒక్క ఆడమనిషి కాదు, వీధి మొత్తం. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. రెండేళ్లు, ఒక్కో ఊరు, ఒక్కో వాయిదా లెక్కన గెలిచిన గెలుపది. ఆ గెలుపు మీద ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చారు, గెలిచారు, సంతకం పెట్టారు. 1995 జనవరిలో నిషేధం అమలైంది.

1997లో అది సడలిపోయింది. సరిహద్దులు దాటి దొంగసరుకు రావడం, కాపుసారా, ఖజానాకు గండి అని ప్రభుత్వం కారణాలు చెప్పింది. అవి అబద్ధాలేమీ కావు. నన్ను కలవరపెట్టేది వేరే. 1992లో ఒక వేలంపాట మీద కలెక్టరేట్లు ముట్టడించిన ఉద్యమం 1997లో అంత ఉధృతంగా ఎందుకు లేవలేదు? నాకు తోచిన సమాధానం ఇది. రోజూ కాపలా కాసిన పనిని సంతకం ఒక్క నిమిషంలో సర్కారు చేతుల్లోకి తీసుకుంది. ఇక మీరు ఇంటికి వెళ్లండి, మేం చూసుకుంటాం అంది. ఊరి ఆడవాళ్ల చేతిలో ఉన్నంతకాలం నిషేధానికి కాళ్లున్నాయి. ఎక్సైజు శాఖ ఫైలుగా మారాక ఆ ఫైలును ఇంకో సంతకం కొట్టేసింది. చట్టం లేకుండా ఉద్యమం ఎంతకాలం నిలుస్తుందని అడగవచ్చు. నిలవదు, చట్టం కావాల్సిందే. చట్టం వచ్చాక కూడా ఆ వీధి కమిటీలకు చోటు ఉంచి ఉంటే కథ వేరుగా నడిచేది. మైదానంలో చేసే సంతకానికి అలాంటి చోటు ఉంచే తీరిక ఉండదు. చప్పట్లు కొట్టాక జనం పని అయిపోయిందనిపించడమే ఆ వేదిక అసలు గుణం.

2014 జూన్ 8 నాటి సంతకం ఇంకో సంగతి బయటపెట్టింది. రుణమాఫీ అని చదివారు. నిజానికి ఆ ఫైలు మాఫీ విధానాలు తేల్చడానికి కమిటీ వేసే ఫైలు. కమిటీ వేయడం తప్పు కాదు, వేయకుండా చేస్తేనే తప్పు. ఏ బ్యాంకులో ఎంత అప్పు, పంట రుణమేది, బంగారం పెట్టి తెచ్చిన సాగు అప్పేది, ఒకే ఇంట్లో ఇద్దరి పేర్ల మీద ఉంటే ఎలా లెక్కించాలి, కౌలురైతు పేరే కాగితాల్లో లేకపోతే ఏం చేయాలి అన్నవి తేల్చడానికి నెలలు పడుతుంది. పడాలి కూడా. కానీ మైదానంలో వినబడింది అప్పు తీరిందన్న మాట. రైతు ఆ మాట పట్టుకుని బ్యాంకుకు కట్టడం ఆపాడు. వడ్డీ ఆగలేదు. భార్య పుస్తెలతాడో గాజులో తాకట్టులో ఉన్న ఇంటికి వేలం నోటీసు వచ్చింది. చివరికి కుటుంబానికి లక్షన్నర పరిమితితో, యాభై వేల దాకా ఒకేసారి, మిగిలింది ఏటా విడతలుగా అని తేలింది. చివరి రెండు విడతలు అందేలోపు 2019లో ప్రభుత్వం మారింది, కొత్త ప్రభుత్వం వాటి జీవోను రద్దు చేసింది. వేల కోట్లు నిజంగానే రైతుల ఖాతాల్లో పడ్డాయి. అయినా మాఫీ పొందిన రైతు కూడా మోసపోయాననే అనుకున్నాడు. ఐదేళ్లలో తీరుస్తామని మొదటిరోజే చెప్పి ఉంటే అదే సొమ్ము అతనికి ఉపకారంగా కనిపించేది. తక్షణమన్న మాటతో పోల్చి చూస్తే ఎంత పెద్ద సాయమైనా చిన్నబోతుంది.

ఓపిక పట్టమని అడిగిన తొలి సంతకం ఒక్కటుంది. 2019 మే 30న జగన్ పింఛను 2,000 నుంచి 2,250కి పెంచి, ఏటా 250 చొప్పున 3,000కు తీసుకెళ్తామన్నారు. తర్వాతి మెట్టు 2022 జనవరిలో గానీ రాలేదు. 3,000 అయ్యేసరికి 2024 జనవరి. ఎదుటిపక్షం 4,000 ఇస్తామంది, అదీ ఏప్రిల్ నుంచే లెక్కగట్టి. గెలిచాక 2024 జూలై 1న ఒక్కో అవ్వ చేతిలో 7,000 పెట్టారు, ఆ నెలవి 4,000, గడిచిన మూడు నెలల బాకీ 3,000. సంతకం అక్కడితో కాలాన్ని వెనక్కి కూడా నడిపింది. ప్రభుత్వం ఏర్పడకముందు నెలలకు కూడా సొమ్ము వచ్చింది. ఆ 7,000 తీసుకున్న ముసలమ్మ ఆనందాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. మందులకూ మనవడి ఫీజుకూ సరిపోయే డబ్బది. మెట్లమెట్లుగా అని ఇకముందు ఎవరైనా నిజాయతీగా చెప్పగలరా అన్నదే ప్రశ్న. అదే సమయంలో చేసిన డీఎస్సీ సంతకం 16,347 టీచరు పోస్టుల మీద. నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లో, నియామక పత్రాలు సెప్టెంబరులో వచ్చాయి. ఎస్సీ వర్గీకరణ తేలాలి, పరీక్షలు పెట్టాలి, అభ్యంతరాలు వినాలి. పదిహేను నెలలు అంత పనికి ఎక్కువేమీ కాదు. కోచింగు సెంటరు అద్దెగదిలో రోజులు లెక్కపెట్టిన అభ్యర్థికి మాత్రం అది ఏడాది ఆలస్యం, ఎందుకంటే అతను గడియారం తిప్పింది సంతకం రోజున.

కలం తర్వాత వచ్చింది బటన్. 2018 మే 10న తెలంగాణలో రైతుబంధు మొదలై ఎకరానికి పంటకు 4,000, ఆపైన 5,000 అందింది. 2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో అమ్మఒడి, చేయూత, ఆసరా అన్నీ బటన్ నొక్కగానే ఫోను మోగి ఖాతాలో పడేవి. ప్రభుత్వ లెక్క ప్రకారమే రెండున్నర లక్షల కోట్లకు పైన. జనం సంతోషం అందిన సొమ్మును బట్టి ఉంటే ఆ రెండు ప్రభుత్వాలూ మళ్లీ రావాలి. 2023లో తెలంగాణలో 88 నుంచి 39 సీట్లకు, 2024లో ఆంధ్రలో 151 నుంచి 11కి పడిపోయాయి. ఓటమికి వంద కారణాలుంటాయి, ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పడం అన్యాయం. ఒక్కటి మాత్రం కచ్చితంగా చెప్పవచ్చు. తక్షణం అందిన సొమ్ము తృప్తిని కొనలేదు. పోయిన నెల వరమైంది ఈ నెల హక్కవుతుంది, వచ్చే నెలకు లోటవుతుంది. 2024 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం ఆదేశంతో వలంటీర్లు గుమ్మంలోకి పింఛను తేలేకపోయినప్పుడు ముసలివాళ్లు ఎండలో పడ్డ బాధ నిజం. అంతకు ఐదేళ్ల ముందు దాకా వాళ్లు అదే వరసలో నిలబడేవాళ్లన్నది కూడా నిజం. ఆ పోలిక ఎవరి నోటా రాలేదు, రాదు కూడా. మనిషి స్వభావమే అది. అదే ప్రచారంలో ఊరూరా వినబడ్డ మాట గుంతల రోడ్లు. ఖాతాలో డబ్బు పడ్డవాడు కూడా ఆ గుంతలోనే పడ్డాడు.

ఈ తొందర పేదలకే అంటుకున్న జబ్బని ఎవరైనా అంటే అమరావతి వైపు చూడాలి. 2015లో రైతులు భూసమీకరణలో 33,000 ఎకరాలకు పైగా ఇచ్చారు. ప్లాట్లు వస్తాయని, నగరం లేస్తుందని పదేళ్ల నమ్మకం మీద ఇచ్చారు. ఈ తరంలో రాయిని నమ్మిన వాళ్లెవరని అడిగితే వాళ్లను చూపాలి. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని శంకుస్థాపన చేశారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. నాలుగేళ్లకు పైగా ఆ రైతులు శిబిరాల్లో కూర్చున్నారు. 2025 మే 2న పనులు మళ్లీ ప్రారంభించారు. ఆగలేకపోయింది ఇక్కడ రైతులు కాదు. ఎవరి రాయి మీద వాళ్ల పేరే ఉండాలన్న నాయకుల తొందర అది. సాగర్ కాలంలో రాయి మీది పేరు మారినా పని ఆగలేదు. మన కాలంలో పేరు కోసం పనే ఆగింది.

పేరు రాసుకునే చోటు లేని పనికి ఏమవుతుందో గేట్లు చెబుతాయి. 2021 ఆగస్టు 5న పులిచింతలలో ఒక గేటు కొట్టుకుపోయింది. అదే ఏడాది నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట పల్లెల్లో పదుల సంఖ్యలో జనం చనిపోయారు. దాని ఐదు గేట్లలో ఒకటి ముందు నుంచే పనిచేయడం లేదు. గుండ్లకమ్మలో 2022లో ఒకటి, 2023లో ఇంకొకటి పోయాయి. గొలుసుకు గ్రీజు పూయడం, తుప్పు గీకి రంగు వేయడం, రబ్బరు సీలు మార్చడం, వానాకాలానికి ముందు ఒక్కో గేటూ ఎత్తి దించి చూడటం ఏటా చేయాల్సిన పనులు. వాటికి శంకుస్థాపన ఉండదు, తొలి సంతకం ఉండదు, బటన్ ఉండదు. గొలుసు తెగని రోజు ఎవరికీ వార్త కాదు.

తుంగభద్ర ఆనకట్టకు 1945లో పునాది వేసి 1953లో నీళ్లు నింపారు. మద్రాసు, హైదరాబాద్ రాష్ట్రాలు రెండూ కలిసి కట్టినది. ఇప్పుడు దాని నీళ్లు కర్ణాటకతో పాటు అనంతపురం, కర్నూలు, కడప, గద్వాల పొలాలకు పారతాయి. 2024 ఆగస్టు 10 రాత్రి, జలాశయం నిండుకుండలా ఉండగా, 19వ గేటు గొలుసు తెగింది. గేటు వరదలో కొట్టుకుపోయింది. కట్ట మీద ఒత్తిడి తగ్గించడానికి 33 గేట్లూ ఎత్తాల్సి వచ్చింది. సీమ రైతులు దాచుకున్న పంట నీళ్లు కళ్లముందే నదిలోకి పోయాయి. గేట్ల పనిలో జీవితమంతా గడిపి ఎప్పుడో పదవీ విరమణ చేసిన ఇంజనీరును పిలిపించారు. నీళ్లు తగ్గేదాకా ఆగకుండా, పారుతున్న ప్రవాహంలోనే ఉక్కు పలకలను క్రేనుతో ఒకదాని మీద ఒకటి దించారు. వారం తిరిగేలోపు గండి మూసుకుంది. ఆ తర్వాత మిగిలిన గేట్లన్నీ పరీక్షిస్తే అన్నిటినీ మార్చాలని తేలింది. మరుసటి ఏడాది జలాశయాన్ని 80 టీఎంసీల దగ్గరే ఆపేశారు. పాత గొలుసుల మీద అంతకంటే బరువు పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.